హాంకాక్ అద్దాలు, అమోకో పాలరాయి, పోర్ట్‌లాండ్ గోడలు: అసలు ఎక్కడ దెబ్బతిన్నాయి?

నడవా:

బి.ఆర్క్ చివరి ఏడాది సెమినార్‌కి 1970–85 మధ్య అమెరికాలో లేచిన పెద్ద భవనాల క్లాడింగ్ (బయటి గోడకు వేసే తొడుగు) మీద పేపర్ రాస్తున్నాను. మూడు భవనాలు తీసుకున్నా: బాస్టన్‌లో జాన్ హాంకాక్ టవర్, షికాగోలో అమోకో బిల్డింగ్ (ఇప్పుడు ఏయాన్ సెంటర్ అంటున్నారు), ఓరెగాన్‌లో మైకేల్ గ్రేవ్స్ డిజైన్ చేసిన పోర్ట్‌లాండ్ బిల్డింగ్. తెలిసినవాళ్లు ఈ మూడు సందేహాలు తీర్చగలరా?

ఒకటి, హాంకాక్ టవర్ గాలికి ఊగడం వల్లే అద్దాలు రాలాయని చాలాచోట్ల రాశారు. నిజమేనా?

రెండు, అమోకో పాలరాయి మరీ పల్చగా కోసినందువల్ల వంగిపోయిందంటారు. మందంగా వేసి ఉంటే వంగేది కాదా?

మూడు, పోర్ట్‌లాండ్ బిల్డింగ్‌కి 195 మిలియన్ డాలర్లు పెట్టి పైన అల్యూమినియం తొడుగు వేశారు. వాననీళ్లు కారేచోట సీలెంట్ (సందులు మూసే జిగురు పదార్థం) కొట్టి, రంగేస్తే పోయేది కదా?

మాడర్నిజం గొప్పదా, పోస్ట్‌మాడర్నిజం గొప్పదా అన్న చర్చ దయచేసి వద్దు. గోడ లోపల ఏం జరిగిందో అది కావాలి.


నిట్రాడు:

మొదటిదానికి జవాబు: కాదు. ఊగుడు ఒక జబ్బు, అద్దాలు రాలడం ఇంకో జబ్బు. రెండూ ఒకే భవనానికి ఒకే కాలంలో పట్టుకోవడంతో జనం కలిపేశారు. పేపర్‌లో విడివిడిగా రాయండి.

ముందు అద్దాల సంగతి. ఆర్కిటెక్ట్ ఐ.ఎం.పే సంస్థలో హెన్రీ కాబ్ డిజైన్ చేసిన 60 అంతస్తుల టవర్ అది, ఎత్తు 241 మీటర్లు. మొత్తం 10,344 అద్దాలు. ఒక్కోటి సుమారు 1.4 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు, బరువు 220 కిలోల పైన. 1973 జనవరి 20 రాత్రి గాలివానకు కనీసం 65 అద్దాలు పోయాయి. పైనుంచి పడ్డ ముక్కలు కింది అద్దాలను గీరి, కొట్టి వాటినీ పాడుచేశాయి. పోయినచోటల్లా ప్లైవుడ్ బిగించారు. ఊరివాళ్లు 'ప్లైవుడ్ ప్యాలెస్' అని పేరు పెట్టేశారు.

ఆ అద్దాలు డబుల్ గ్లేజింగ్ యూనిట్లు. రెండు గాజు పలకల మధ్య గాలి ఖాళీ ఉంటుంది, అంచు చుట్టూ రెంటినీ ఎడంగా ఉంచే పట్టీ, అంటే స్పేసర్, ఉంటుంది. ఇక్కడ ఆ స్పేసర్ సీసంది. దాన్ని సోల్డర్ చేసి గాజుకు అతికించారు. బయటి పలక లోపలివైపున అద్దంలా మెరిసే లోహపు పూత ఉంది. పూత గాజును పట్టుకుంది, సోల్డర్ పూతను పట్టుకుంది. అతుకు ఊడిపోవడం కాదు, ఊడనంత గట్టిగా ఉండడమే ఇక్కడ తప్పు.

ఎండ పడితే బయటి పలక వేడెక్కి సాగుతుంది, లోపలి పలక ఏసీ చలువలో ఉంటుంది. మధ్య గాలి వేడెక్కితే రెండు పలకలూ ఉబ్బుతాయి. పెద్ద గాలి వీస్తే లోపలికి నొక్కుకుంటాయి. ఇలా అంచు దగ్గర రోజుకి ఎన్నోసార్లు సూక్ష్మమైన కదలిక ఉంటుంది. సాగే గుణమున్న సీలెంట్ అయితే ఆ కదలికను తానే మింగేస్తుంది. ఈ సోల్డర్ మింగలేదు, గాజుకే అప్పగించింది. అంచున గాజు నుంచి చిన్న చిన్న చిప్పలు లేచాయి, అక్కడి నుంచి పగుళ్లు పుట్టాయి. వేల సార్లు ఇదే జరిగాక, డిజైన్ లెక్కకు చాలా తక్కువైన గాలి కూడా సరిపోయింది. చివరికి బాగున్నవాటితో సహా మొత్తం 10,344 తీసేసి, అర అంగుళం మందం ఉన్న ఒంటి పలక టెంపర్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజు పెట్టారు. దాంతో డబుల్ గ్లేజింగ్ ఇచ్చే వేడి రక్షణ పోయింది, ఆ సంగతి ఎవరూ పెద్దగా రాయరు.

ఇక ఊగుడు. పై అంతస్తుల్లో మనుషులకు కళ్లు తిరిగే స్థాయిలో ఊగేది, దానికితోడు మెలితిరిగేది. ప్లాన్ రాంబాయిడ్ (పక్కకు వాలిన దీర్ఘచతురస్రం) ఆకారంలో ఉండడం వల్ల ఆ మెలి. ఇంజినీరు విలియం లెమెజూరియర్ 58వ అంతస్తులో రెండు చివర్లా రెండు ట్యూన్డ్ మాస్ డాంపర్లు, అంటే ఊగుడుకు ఎదురు కదిలి దాన్ని తగ్గించే బరువులు, పెట్టించారు. ఒక్కోటి 300 అమెరికన్ టన్నులు. 17 అడుగుల చదరపు ఉక్కు పెట్టె, 3 అడుగుల లోతు, నిండా సీసం. అది నూనె పూసిన ఉక్కు పలక మీద జారుతుంది, స్ప్రింగులూ షాక్ అబ్జార్బర్లూ భవనం ఫ్రేముకు కలుపుతాయి. రెండూ ఒకే దిశలో కదిలితే ఊగుడు తగ్గుతుంది, ఎదురెదురు దిశల్లో కదిలితే మెలి తగ్గుతుంది. రెండు చివర్లా పెట్టడం అందుకే.

ఆ తర్వాత ఇంకో మాట బయటపడింది. స్విస్ ఇంజినీరు బ్రూనో థుర్లిమాన్ లెక్క చూసి, కొన్ని గాలుల్లో టవర్ సన్నటి అంచు దిశలో పడిపోయే వీలుందన్నారు. వెడల్పు ముఖం వైపు పడుతుందనుకుంటాం కదా, కాదు. పొడవు దిశలో వంగినప్పుడు పై బరువు పక్కకు జరిగి ఇంకా లాగుతుంది, ఆ అదనపు లాగుడుకు ఫ్రేములో తగినంత బిగువు లేదు. సుమారు 1,500 టన్నుల ఏటవాలు ఉక్కు కడ్డీలు భవనం నడి భాగంలో (కోర్‌లో) వేసి సరిచేశారు. 1976లో తెరిచేనాటికి అంచనా 75 మిలియన్ల నుంచి 175 మిలియన్ డాలర్లకు చేరింది.

పునాది తవ్వకంలో పక్కనున్న ట్రినిటీ చర్చి దెబ్బతిన్న కథ కూడా మీకు తగులుతుంది. అది మట్టి పని, మీ అంశం కాదు, వదిలేయండి.


సున్నపురాయి:

రెండోది, అమోకో సంగతి, నేను చెప్తాను.

ఆర్కిటెక్ట్ ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్, పెర్కిన్స్ అండ్ విల్ సంస్థ కలిసి చేసిన 83 అంతస్తుల భవనం, 346 మీటర్లు. అప్పట్లో పేరు స్టాండర్డ్ ఆయిల్ బిల్డింగ్. కింది నుంచి పైదాకా ఇటలీ కరారా పాలరాయి, సుమారు 43,000 పలకలు. చాలావాటి మందం 32 మి.మీ. దాకా. మొదటి సూచన పని నడుస్తుండగానే వచ్చింది. 1973 క్రిస్మస్ రోజున సుమారు 160 కిలోల పలక ఒకటి ఊడి, పక్కనున్న ప్రుడెన్షియల్ బిల్డింగ్ పైకప్పును చీల్చుకుని లోపలికి పడింది. 1985 తనిఖీలో చాలా పలకల్లో పగుళ్లు, వంపు కనిపించాయి. ముందు స్టెయిన్‌లెస్ స్టీల్ పట్టీలు వేసి పట్టి ఉంచారు. 1990–92లో మొత్తం తీసేసి నార్త్ కరొలైనా మౌంట్ ఎయిరీ తెల్ల గ్రానైట్ వేశారు, 50 మి.మీ. మందం. ఖర్చు 80 మిలియన్ డాలర్ల పైమాటే. మొదట భవనం కట్టడానికే 120 మిలియన్లు అయిందని గుర్తుంచుకుంటే ఈ అంకె బరువు తెలుస్తుంది.

కారణం పాలరాయి పుట్టుకలో ఉంది. పాలరాయి దాదాపు అంతా కాల్సైట్ స్ఫటికాలే. కాల్సైట్ వేడికి అన్ని వైపులా ఒకేలా పెరగదు. ఒక అక్షం వెంట డిగ్రీ సెల్సియస్‌కి మిలియన్‌లో 26 వంతులు పెరుగుతుంది, దానికి అడ్డంగా 6 వంతులు కుంచించుకుంటుంది. పక్కపక్కనే ఉన్న స్ఫటికాలు ఒక్కోటి ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటాయి. ఒకటి సాగుతుంటే పక్కది ముడుచుకుంటుంది, మధ్యనున్న అతుకు విడుతుంది. చల్లారాక అవి తిరిగి పాత చోటికి సర్దుకోవు, కొంచెం ఖాళీ మిగిలిపోతుంది. అందుకే పాలరాయి వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రవ్వంత పొడవు శాశ్వతంగా పెరుగుతుంది. తేమ ఉంటే ఈ పెరుగుదల ఇంకా ఎక్కువ.

ఎండ పడే ముఖం ఒకలా, వెనక ముఖం ఇంకోలా పెరిగితే పలక పళ్లెంలా వంగుతుంది. అమోకోలో బయటికి ఉబ్బాయి. వంపు కళ్లకు కనిపించే గుర్తు మాత్రమే. అసలు నష్టం బలంలో. స్ఫటికాల మధ్య పట్టు పోవడంతో వంపు బలం (వంచితే విరగకుండా తట్టుకునే శక్తి) 40 శాతం దాకా పడిపోయింది. రాయి చూడ్డానికి రాయిలానే ఉంటుంది, గట్టిగా నొక్కితే పంచదార పలుకుల్లా రాలుతుంది.

కరారాకి ఇంకో ఇబ్బంది. దాని స్ఫటికాల అంచులు నున్నగా, తిన్నగా ఉంటాయి. అంచులు వంకరటింకరగా ఒకదాన్నొకటి కరుచుకుని ఉండే పాలరాళ్లు ఇంకా బాగా తట్టుకుంటాయి.

తీసేసిన పాలరాయి ఏమైందో కూడా రాయండి, చదివేవాళ్లకు సరదా: ఎక్కువ భాగం ముక్కలుగా నలిపి ఇండియానాలోని అమోకో కంపెనీ చమురు రిఫైనరీ ఆవరణలో పరిచారు.


గోడకట్టు:

సున్నపురాయి గారూ, మందాన్ని మరీ తేలిగ్గా తీసేశారనిపిస్తోంది. గాలి నొక్కుడుకు పలక తట్టుకునే శక్తి మందం వర్గంతో పెరుగుతుంది. 32 నుంచి 50కి వెళ్తే 2.4 రెట్లు. పాతకాలం బ్యాంకులకూ కోర్టులకూ 100 మి.మీ. పాలరాయి వేసేవాళ్లు, వెనకాల ఇటుక గోడ ఉండేది, అవి ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. వజ్రపు రంపాలు వచ్చి 30 మి.మీ.కి కోయడం చవకైంది కాబట్టే ఈ తిప్పలు. అడిగిన ప్రశ్నకు 'అవును, పల్చదనమే కారణం' అనాలి కదా?


సున్నపురాయి:

వర్గం లెక్క నిజమే, కాదనను. కానీ అది మిగులు బలం పెంచుతుంది, స్ఫటికాల విడుపును ఆపదు. 100 మి.మీ. పలకలో కూడా ఎండ పడే పొర విడుతూనే ఉంటుంది, లోపలి మందం దాన్ని వంగనివ్వదు. 32 మి.మీ.లో ఆపేందుకు లోపల ఏమీ లేదు. మందం గడువు పెంచుతుందని రాస్తే ఇద్దరి మాటా నిలుస్తుంది.

రాయి రకమే మూలమనడానికి హెల్సింకీలోని ఫిన్లాండియా హాల్ సాక్ష్యం. ఆల్వార్ ఆల్టో డిజైన్ చేసిన ఆ భవనానికి 1971లో కరారా వేశారు, వంగింది. 1990ల చివర్లో తీసేసి మళ్లీ కరారానే వేశారు. మళ్లీ వంగింది. మూడోసారి రాయి మార్చి, ఉత్తర ఇటలీలోని లాసా పాలరాయికి వెళ్లారు.

మందం పెంచితే ఫ్రేముకు పడే బరువూ చూడండి. 32 మి.మీ. రాయి చదరపు మీటరుకు సుమారు 86 కిలోలు. 50 మి.మీ. అంటే 135. 43,000 పలకలకు ఆ తేడా వేసుకోండి. అమోకోలో బయటి వరస ఉక్కు స్తంభాలన్నీ కలిసి గొట్టంలా పనిచేసే ట్యూబ్ పద్ధతి కాబట్టి మోయగలిగింది. ప్రతి భవనానికీ ఆ అదృష్టం ఉండదు.

ఎవరైనా ఇప్పుడు బయటి గోడకు పాలరాయి వేస్తామంటే రెండు పరీక్షలు అడగాలి. వంపు బలానికి ఏఎస్‌టీఎం సి880, ఇది అమెరికా ప్రమాణ పరీక్ష. ఒక్కసారి కాదు, కొత్త రాయికీ, వేడి-తేమ చక్రాలు తిప్పిన రాయికీ విడివిడిగా చేయించి పక్కపక్కన పెట్టి చూడాలి. రెండోది ఈఎన్ 16306, పాలరాయి వంపు కోసమే పెట్టిన యూరప్ పరీక్ష. కొత్త రాయి బలం ఒక్కటే చూసి లెక్క వేస్తే అమోకో దారే.


కర్టెన్‌వాల్ కృష్ణ:

పోర్ట్‌లాండ్ బిల్డింగ్ గురించి. ముందు ఆ 195 మిలియన్ల లెక్క సరిచేసుకోండి. అదంతా తొడుగు ఖర్చు కాదు. భూకంపాలకు బలపరచడం, ఏసీ, కరెంటు, లోపలి ఆఫీసులు అన్నీ కలిపిన మొత్తం అది. 2020లో పూర్తయింది.

1982లో తెరిచిన 15 అంతస్తుల మునిసిపల్ ఆఫీసు. బడ్జెట్ చాలా తక్కువ, పోటీలో గ్రేవ్స్ గెలవడానికి అదీ ఒక కారణం. బయటి గోడ అంటే కాంక్రీటు, దాని మీద రంగు, కింది అంతస్తులకు నీలి-ఆకుపచ్చ టైల్, చిన్న చిన్న చదరపు కిటికీలు. ఇలాంటి గోడకు నీటిని ఆపే వరస ఒక్కటే, అది పైముఖం. రంగులో పగులు వచ్చినా, కిటికీ చుట్టూ సీలెంట్ అంచు లేచినా నీళ్లు నేరుగా లోపలికి. వచ్చిన నీళ్లు బయటికి పోయే దారి గోడలో ఎక్కడా లేదు. మొదటి నుంచీ కారింది.

సీలెంట్ కొట్టి రంగేయడం ఎందుకు చాలదంటే... వందల కిటికీలు, ఒక్కోదానికి నాలుగు అంచులు. ఎక్కడా తప్పు లేకుండా అన్నీ ఒకేసారి పనిచేస్తేనే గోడ ఆరుతుంది. సీలెంట్ ఆయుష్షు పది పదిహేనేళ్లు, మంచి సిలికోన్ అయితే ఇరవై. కాంక్రీటు పగులు చలికి తెరుచుకుంటుంది, ఎండకు మూసుకుంటుంది, మీద వేసిన గట్టి రంగు ఆ కదలికకు చిరిగిపోతుంది. సాగే పూత వేస్తే, ముందే లోపల చేరిన తేమ బయటికి రాలేక పూతను బుడగల్లా లేపుతుంది. టైల్ వెనక చేరిన నీళ్లయితే పట్టునే తినేస్తాయి.

పోర్ట్‌లాండ్ వాన లెక్క చూస్తే ఏడాదికి 900 మి.మీ. పైన, అంతే. మన కాకినాడ కంటే ఎక్కువేమీ కాదు. కానీ కాకినాడలో వాన దంచి పోతుంది, మర్నాడు ఎండ కాస్తుంది. అక్కడ అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా సన్నగా ముసురు, గోడకు ఆరే తీరికే ఉండదు.

అందుకే రెయిన్‌స్క్రీన్ పద్ధతికి వెళ్లారు. మామూలుగా దాని పొరలు లోపలి నుంచి బయటికి ఇలా ఉంటాయి: పాత గోడ, దాని మీద గాలినీ నీటినీ ఆపే పొర, ఇన్సులేషన్, తర్వాత 25 మి.మీ. అటూఇటూ ఖాళీ, ఆ పైన బయటి పలక. బయటి పలక వానలో ఎక్కువ భాగాన్ని ఆపుతుంది, అంతా ఆపనక్కర్లేదు. సందుల్లోంచి దూరిన నీళ్లు ఖాళీలో కిందికి జారి, ప్రతి అంతస్తు దగ్గర బయటికి వాలుగా పెట్టిన ఫ్లాషింగ్ (నీటిని మళ్లించే రేకు) మీదుగా బయటపడతాయి. ఖాళీలో గాలి ఆడుతుంది కాబట్టి మిగిలిన తడి ఆరుతుంది. ఈ పద్ధతిలో పని చెడేది ఎక్కువగా రెండు చోట్ల: కిటికీ పైన ఫ్లాషింగ్‌కి చివర మడత పెట్టకపోతే నీళ్లు పక్కకు జారి లోపలికి పోతాయి, బయటి పలకను పట్టి ఉంచే బ్రాకెట్ మేకులు నీటిని ఆపే పొరను పొడిచినచోట మూయకపోతే అక్కడా కారుతుంది.

పోయిందేమిటంటే అసలు పదార్థం. భవనం 2011లో నేషనల్ రిజిస్టర్‌లోకి (అమెరికా చారిత్రక కట్టడాల జాబితాలోకి) ఎక్కింది. రంగేసిన కాంక్రీటు స్థానంలో అల్యూమినియం, చిన్న టైల్ స్థానంలో పెద్ద టెర్రకోటా (కాల్చిన మట్టి) పలకలు, ముదురు గాజు స్థానంలో తేట గాజు వచ్చాయి. పరిరక్షణవాదులు గట్టిగానే అభ్యంతరం చెప్పారు. నా లెక్కలో వాళ్ల మాట తప్పు కాదు, కానీ పాత గోడ లోపల అలాగే ఉంది, కూల్చేయాలన్న ప్రతిపాదన కూడా ఒకప్పుడు నడిచింది. తడిసే అసలు గోడ కావాలా, ఆరే నకలు గోడ కావాలా అన్నప్పుడు లోపల పనిచేసేవాళ్లను అడిగితే ఏం చెప్తారో తెలిసిందే.

నాలుగో భవనం పెట్టుకునే చోటుంటే షికాగో థాంప్సన్ సెంటర్ చూడండి. హెల్మట్ యాన్ డిజైన్, 1985. వంపు తిరిగిన డబుల్ గాజు ఖరీదెక్కువని ఒంటి గాజు పెట్టారు. మధ్యలో 160 అడుగుల ఎత్తు ఖాళీ, ఏసీ చాలలేదు, వేసవిలో లోపల 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా పోయింది. ఇది కారడం కాదు, డబ్బు తగ్గించిన చోటే దెబ్బ తగలడం.


నడవా:

చాలా చాలా థ్యాంక్స్ అండీ. ఇంకో రెండు. షికాగోలో ఉన్న మా కజిన్ ఫొటోలు తీసి పంపుతానన్నాడు, ఇలాంటి భవనాల మీద ఏం చూసి తీయమనాలి? రెండు, మన చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్‌కి కూడా ఈ వంపు జబ్బు ఉందా?


గోడకట్టు:

ఫొటోలకు పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వెళ్లమనండి, ఎండ గోడకు ఏటవాలుగా తగలాలి. మధ్యాహ్నం వంపు కనిపించదు. గోడ మూలకు దగ్గరగా నిలబడి, గోడ వెంబడే చూస్తూ తీయాలి. అంచులు పక్క పలకలతో కలవకపోతే నీడ గీత పడుతుంది, అదే సాక్ష్యం. ఏయాన్ సెంటర్‌లో ఇప్పుడున్నది గ్రానైట్ కాబట్టి వంపు దొరకదు, కీళ్ల (పలకల మధ్య సందుల) వరసలు మాత్రం తీయమనండి.

కీళ్ల దగ్గర చూడాల్సినవి: సీలెంట్ ఒక అంచు వదిలేసి నోరు తెరిచిందా, మధ్యలో చీలిందా. అంచు వదిలితే అతుకు తప్పు, మధ్యలో చీలితే వెడల్పు చాలలేదని. మంచి కీలుకు వెనక బ్యాకర్ రాడ్ (సందులో కూరే మెత్తటి నురగ కడ్డీ) ఉంటుంది, సీలెంట్ రెండు పక్కలే పట్టుకోవాలి, వెనక్కి అంటుకోకూడదు. లోతు వెడల్పులో సగం. అంతస్తుకో అడ్డ కీలు మెత్తగా ఉండాలి. అక్కడ సిమెంటు గట్టిగా కూరితే ఫ్రేము కుంగినప్పుడు బరువంతా రాయి మీద పడి అంచులు పెచ్చులు లేస్తాయి. కీలు కింద తుప్పు గీత కనిపిస్తే వెనక మామూలు ఉక్కు బ్రాకెట్ ఉన్నట్టే, దాన్ని తప్పకుండా దగ్గరగా తీయమనండి.


సున్నపురాయి:

గెలాక్సీకి ఆ జబ్బు లేదు. దాన్ని వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ అది గాబ్రో జాతి రాయి, ఫెల్స్‌పార్, పైరాక్సీన్ ఖనిజాలది. కాల్సైట్ లాగా ఒక దిక్కున సాగి, ఇంకో దిక్కున ముడుచుకునే గుణం వాటికి లేదు. కానీ నల్లరాయి ఎండను బాగా పీల్చుకుంటుంది, తెల్లరాయి కంటే ఎక్కువ వేడెక్కుతుంది. 1.2 మీటర్ల పలక 50 డిగ్రీల తేడాకు సుమారు అర మి.మీ. సాగుతుంది. కీలు వెడల్పు వేసేటప్పుడు గాలి ఉష్ణోగ్రత కాదు, రాయి ముఖం మీది ఉష్ణోగ్రత తీసుకోవాలి. ఇంకోటి, వెనక జిగురు ఒక్కదాన్నే నమ్మి రెండో అంతస్తు పైన ఏ రాయీ అతికించకూడదు. అంచులో గాడి కోసి స్టెయిన్‌లెస్ క్లిప్ వేయాలి, గాడికి రెండు వైపులా కనీసం 10 మి.మీ. రాయి మిగలాలి. అంటే 20 మి.మీ. ఫ్లోరింగ్ పలకలు బయటి గోడకు పనికిరావు, 30 కావాలి.